మానేసిన మూడో రోజు: మత్తు, మెదడు, మన పల్లెలు



ఎవరి స్మృతిలో ఈ సాయంత్రం కలుసుకున్నామో ఆ డాక్టరుగారు పట్నంలో స్థిరపడే వీలుండీ జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల ఈ నేల మీదికే తిరిగివచ్చిన తరం మనిషి. రోగి నాడి పట్టుకోకముందే అతని పని, తిండి, తాగుడు అడిగి తెలుసుకునేవారు. మొదటి రెండూ చాలామంది అడుగుతారు. మూడోది అడిగినప్పుడు గొంతులో నింద లేకుండా అడగడం ఆయనకు తెలుసు. అందుకే జనం ఆయనకు నిజం చెప్పేవారు. ఆయన కుటుంబసభ్యులు ఈ ఉపన్యాసానికి నన్ను పిలిచి, విషయం నా ఇష్టానికే వదిలేశారు. ఆయన అడిగిన ఆ మూడో ప్రశ్ననే మానసిక వైద్యుడిగా నేనూ ఎత్తుకుంటున్నాను.

తాగుడు గురించి మన సమాజం మాట్లాడినంతగా మరే వ్యసనం గురించీ మాట్లాడి ఉండదు. కథలు రాశాం, పాటలు కట్టాం, ఊరేగింపులు తీశాం, చట్టాలు చేశాం, వాటిని రద్దూ చేశాం. ఇన్ని మాటల్లోనూ మానడం అనే ఘట్టం మీద మన చూపు నిలవలేదు. మద్యం మెదడులో ఎంత లోతుగా పనిచేసిందో తాగిన రాత్రి బయటపడదు, ఆపిన మూడో రోజున బయటపడుతుంది. ఈ ఒక్క శాస్త్రసత్యం మన ఆబ్కారీ చరిత్రలో, నిషేధాల చరిత్రలో, ఆసుపత్రుల నడకలో ఎన్నడూ లెక్కకు రాలేదని చెప్పడమే నా ఉద్దేశం.

మొదట ఈ నేల సంగతి. తాటివనాల మధ్య పుట్టిన ప్రాంతం ఇది. ఇక్కడికి దగ్గరలోని ఖిలాషాపూర్‌లో కోట కట్టి, 1708లో ఓరుగల్లు మీద దాడిచేసి, మొగలు సుబేదార్లకు నిద్ర లేకుండా చేసిన సర్వాయి పాపన్న కల్లుగీత కులంలో పుట్టినవాడు. ఢిల్లీ చరిత్రకారుడు ఖాఫీఖాన్ సైతం ఆయన కులవృత్తిని రాయకుండా ఉండలేకపోయాడు. చెట్టెక్కే మోకు, ముస్తాదు, గీతకత్తి, లొట్టి మన చేతిపనుల్లో గౌరవమైన చోటు ఉన్న వస్తువులు. భూపాలపల్లి వైపు అడవిలోకి వెళ్తే ఇప్పచెట్టు వస్తుంది. ఎండబెట్టిన ఇప్పపువ్వును నానబెట్టి, పులియబెట్టి, కుండ మీద కుండ పెట్టి దించే సారా కోయల కొలుపుల్లో, పెళ్లిళ్లలో, చావుల్లో భాగం. చెట్టు నుంచి దించిన కల్లులో, పులిసేకొద్దీ, ఆల్కహాలు 4, 5 శాతం వరకు చేరుతుంది. పొద్దున తీయగా ఉన్నది మాపటికి పుల్లనవుతుంది, మర్నాటికి పనికిరాదు. చెట్టుకు ఋతువు ఉంది, కల్లుకు గడువు ఉంది, ఇప్పసారాకు సందర్భం ఉంది. తాగుడుకు ఈ హద్దులు ఎవరూ శాసనం చేసి పెట్టినవి కావు.

ఆ హద్దులను మొదట కదిలించింది ఖజానా. నిజాం ప్రభుత్వం 1316 ఫసలీలో, అంటే 1906-07లో, ఆబ్కారీ చట్టం తెచ్చింది. చెట్టుకు నంబరు పడింది, పన్ను పడింది, దుకాణానికి వేలంపాట వచ్చింది, గుత్తేదారు వచ్చాడు. అడవిలో తన కుండలో తాను సారా దించుకున్న కోయవాడు నేరస్థుడయ్యాడు. తర్వాత వచ్చిన ప్రభుత్వాలు పేర్లు మార్చాయి, పద్ధతి మార్చలేదు. కల్లు పక్కన సారా ప్యాకెట్లు, వాటి తర్వాత ‘ఫారిన్ లిక్కర్’ సీసాలు. ఈ సీసాల్లో ఆల్కహాలు 42.8 శాతం. 180 మిల్లీలీటర్ల క్వార్టర్‌లో ఉన్న ఆల్కహాలు సుమారు లీటరున్నర కల్లులో ఉన్నదానికి సమానం. లీటరున్నర కల్లు మండువాలో తాగడానికి ఒక సాయంత్రం పడుతుంది, కడుపు నిండుతుంది, నలుగురి మధ్య మాట నడుస్తుంది. క్వార్టర్‌కు అయిదు నిమిషాలు చాలు. మెదడుకు ఈ రెండూ ఒకటి కావు. రక్తంలో ఆల్కహాలు ఎంత వేగంగా పెరిగితే మెదడులోని సుఖకేంద్రం మీద దాని పట్టు అంత బలంగా పడుతుంది.

ఇప్పుడు మెదడు సంగతి. వైద్యేతరులు ఓపిక పట్టాలి. ఈ భాగం లేకుండా తక్కిన ఉపన్యాసం నిలవదు.

మెదడు కణాలు ఒకదానితో ఒకటి రసాయనాల ద్వారా మాట్లాడుకుంటాయి. వాటిలో రెండు ముఖ్యం. గాబా అనేది కణాలను నెమ్మదింపజేస్తుంది, గ్లూటమేట్ వాటిని ఉత్తేజపరుస్తుంది. ఆల్కహాలు గాబా పనిని పెంచుతుంది, గ్లూటమేట్ అందుకునే ఎన్‌ఎండీఏ గ్రాహకాలను అణచివేస్తుంది. ముందుమెదడు నెమ్మదించేసరికి అదుపు సడలుతుంది. నోరు మెదపనివాడు సభలో మాట్లాడతాడు, మెత్తనివాడు చెయ్యెత్తుతాడు. చిన్నమెదడు నెమ్మదిస్తే నడక తూలుతుంది. జ్ఞాపకాలను పేర్చే హిప్పోక్యాంపస్ పని ఆగితే, రాత్రి ఏం చేశాడో తెల్లవారి నిజంగానే గుర్తుండదు. భార్య అడిగినప్పుడు అతను అబద్ధం చెబుతున్నాడని ఇల్లంతా అనుకుంటుంది, అన్నిసార్లూ అది అబద్ధం కాదు. ఇంకోవైపు డోపమైన్, మెదడు తనలో తాను తయారుచేసుకునే ఎండార్ఫిన్లు పెరిగి, ‘ఇది మళ్లీ కావాలి’ అనే ముద్ర లోపల పడుతుంది. ఆ ముద్ర తర్వాతి రోజుల్లో దుకాణం బోర్డు చూసినా, సాయంత్రం ఆరు కొట్టినా లేస్తుంది.

ఇంతవరకు తాగిన పూట కథ. నెలలు, ఏళ్లు రోజూ తాగితే మెదడు ఊరుకోదు. తలుపును అవతలి నుంచి ఒకడు నిత్యం నెడుతుంటే ఇవతలివాడు భుజం ఆనించి బలంగా నిలబడతాడు. మెదడూ అలాగే గాబా గ్రాహకాలను మొద్దుబారుస్తుంది, గ్లూటమేట్ గ్రాహకాలను పెంచుకుంటుంది. అప్పుడు పాత మోతాదు చాలదు, క్వార్టర్ హాఫ్ అవుతుంది. తాగినా తూలడు. ‘ఎంత తాగినా మనిషి నిలకడగ ఉంటడు’ అని ఊళ్లో మెచ్చుకునే స్థితి ఇదే, వైద్యుడు భయపడవలసినదీ ఇదే. అవతల నెట్టేవాడు ఉన్నట్టుండి పక్కకు తప్పుకుంటే ఇవతలివాడు బోర్లాపడతాడు. మద్యం ఆపిన మెదడులో జరిగేది అదే. ఆరేడు గంటల్లో చేతులు వణుకుతాయి, చెమట, వాంతి, నిద్ర లేకపోవడం. ఒకటి రెండు రోజుల మధ్య ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి మతిభ్రమణం: లేనివి కనిపిస్తాయి, గోడల మీద పురుగులు పాకుతాయి, కాలం, చోటు తెలియవు, గుండె వేగం, జ్వరం, రక్తపోటు పెరుగుతాయి. వైద్యం లేకపోతే ప్రాణం పోతుంది.

ఈ మతిభ్రమణానికి ‘డెలీరియం ట్రెమెన్స్’ అని 1813లో పేరు పెట్టినవాడు ఇంగ్లండు వైద్యుడు థామస్ సటన్. అయినా ఇది తాగినందువల్ల వస్తుందా, తిండి లేక వస్తుందా, ఆపినందువల్ల వస్తుందా అన్న వివాదం మరో నూట నలభై ఏళ్లు సాగింది. 1953లో విక్టర్, ఆడమ్స్ బోస్టన్ ఆసుపత్రి రోగులను దగ్గరగా గమనించి ఆపడమే కారణమన్నారు. 1955లో ఇస్బెల్ అమెరికాలోని లెక్సింగ్టన్‌లో ఖైదీలైన వలంటీర్లకు మంచి తిండి, విటమిన్లు ఇస్తూనే వారాల తరబడి మద్యం పోయించి ఒక్కసారి ఆపించాడు. 48 నుంచి 87 రోజులు తాగిన ఆరుగురిలో ఇద్దరికి ఫిట్స్ వచ్చాయి, ముగ్గురికి మతిభ్రమణం వచ్చింది. అలాంటి ప్రయోగాన్ని ఈనాడు ఏ నైతిక సంఘమూ ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు. వివాదం మాత్రం దానితో ముగిసింది.

పుస్తకాల్లోని ఈ మాటలకు మన ఊరి రూపం ఎలా ఉంటుందో ఒక్క కేసుతో చెబుతాను. తాటిచెట్టు మీది నుంచి జారిపడి తొడ ఎముక విరిగిన గీత కార్మికుడు ఒక ఆసుపత్రి ఎముకల వార్డులో చేరాడు. రోజూ తన కల్లు, సాయంత్రం పైన ఒక క్వార్టర్ అలవాటు. చేరేటప్పుడు ఆ సంగతి అడిగినవారు లేరు. రెండు రోజులు ‘మంచి పేషెంటు’. మూడో రోజు రాత్రి నన్ను పిలిచేసరికి అతను మంచం మీద లేచి కూర్చుని, పైన కప్పుకున్న దుప్పటిని తాడులా పేని, మంచం తల దగ్గరి ఇనుపకడ్డీ చుట్టూ తిప్పి నడుముకు బిగించుకుంటున్నాడు. మోకు వేసుకుంటున్నాడన్నమాట. విరిగిన కాలుతోనే పాదాలు కడ్డీకి ఆనించి ఎక్కబోతున్నాడు. కుడిచేయి గాలిలో గెల కోస్తోంది. అతని భార్య గోడకు ఆనుకుని, “సారూ, నిన్నటిదాక మంచిగనే ఉన్నడు, ఇంత గాలి ఎక్కడ సోకిందో” అంది. మతిభ్రమణంలో మనిషి తన వృత్తిని అభినయించడం పాఠ్యగ్రంథాలు ఎప్పటినుంచో రాస్తున్నదే. కొలిమి పనివాడు సమ్మెట ఎత్తుతాడు, డ్రైవర్ గేరు మారుస్తాడు. అతనికి డయాజెపాం, విటమిన్ బి1 ఇచ్చాక తేరుకోవడానికి మూడు రోజులు పట్టింది. లేచాక అతనికి ఏదీ గుర్తు లేదు. ఇంట్లోవాళ్లు మాత్రం అప్పటికే ఊళ్లో మంత్రగాడికి బయానా ఇచ్చి ఉన్నారు.

ఈ జ్ఞానంతో వెనక్కి తిరిగి మన నిషేధాల చరిత్ర చదవండి. 1990ల మొదట్లో నక్సలైట్ల పార్టీ పీపుల్స్‌వార్ ఉత్తర తెలంగాణ పల్లెల్లో సారా దుకాణాలు మూయించింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది. 1993 అక్టోబర్ 1న సారా నిషేధం, 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం అమల్లోకి వచ్చాయి, 1997లో ఆ నిషేధం సడలింది. ఆ ఉద్యమాన్ని నేను తక్కువ చేయను. కూలి డబ్బు ఇంటికి చేరకపోతే పిల్లలు పస్తుంటారన్న ఆ తల్లుల లెక్క ఏ అర్థశాస్త్రానికీ తీసిపోదు. కానీ దుకాణం మూసిన మూడో రోజు ఆ ఇళ్లలో ఏం జరిగిందన్నది నేను చదివిన మేరకు ఎవరూ శ్రద్ధగా రాయలేదు. వణుకుతున్న మొగుడికి, కొడుకుకు కాపలా కాసినవాళ్లు కూడా ఆ ఆడవాళ్లే. ఉద్యమం ప్రభుత్వాన్ని దుకాణం మూయమని అడిగింది, ఆసుపత్రిలో మంచం వేయమని అడగాలని ఆ ఆడవాళ్లకు ఎవరూ చెప్పలేదు. చెప్పవలసినవాళ్లం వైద్యులం.

దొరకకపోతే మెదడు ఊరుకోదు, దారి వెతుక్కుంటుంది. మహబూబాబాద్ వైపు తండాల్లో నల్లబెల్లం, పటికతో కాచే గుడుంబా ఆ దారి. 2015లో ప్రభుత్వం గుడుంబా మీద యుద్ధం ప్రకటించింది. బట్టీలు పగలగొట్టింది, కాచడం మానుకున్న కుటుంబాలకు బతుకుదెరువుకు 2 లక్షల రూపాయల పథకం పెట్టింది. కాచేవారికి పునరావాసం ఇవ్వాలన్న ఆలోచన మెచ్చదగినది. తాగేవారికి పునరావాసం అన్న మాట ఆ పథకంలో లేదు.

అదే 2015లో, సెప్టెంబర్‌లో, నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో జరిగింది ఇంకా తీవ్రం. అక్కడి డిపోల కల్లులో చెట్టు పాలు తక్కువ, మందు పాలు ఎక్కువ. క్లోరల్ హైడ్రేట్, డయాజెపాం, అల్ప్రాజోలం. ఈ మూడూ గాబా మీదే పనిచేస్తాయి. క్లోరల్ హైడ్రేట్ 1869లో నిద్రమందుగా వాడుకలోకి వచ్చింది, డయాజెపాం 1963లో, అల్ప్రాజోలం 1981లో. ఐరోపా, అమెరికా మందుల దుకాణాల్లో చీటీ మీద దొరికే ఈ నిద్రమాత్రల చరిత్ర అంతా తెలంగాణ కల్లు సీసాలో చేరింది, చీటీ లేకుండా, మోతాదు లేకుండా. తాగేవాడు తాను కల్లు తాగుతున్నాననే అనుకుంటాడు. అల్ప్రాజోలం శరీరంలో నిలిచేది తక్కువసేపు కాబట్టి, ఆపితే దాని దెబ్బ వేగంగా, గట్టిగా తగులుతుంది. అధికారులు కల్తీ మీద దాడులు చేసేసరికి ఆడా మగా వందలుగా ఆసుపత్రులకు వచ్చారు: వణుకు, ఫిట్స్, పిచ్చిచూపులు. కొందరు చనిపోయారు. దాడులు తప్పా? కానే కాదు. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు ప్రాణాలు కోల్పోయినప్పుడు కల్తీ ఎంత ఘోరమో మళ్లీ చూశాం. కానీ దాడికి బయలుదేరే జీపుకు, జిల్లా ఆసుపత్రికి మధ్య ఒక్క ఫోన్ కాల్ కూడా మన పాలనలో అలవాటు కాలేదు.

ఇందులో ఒక విషయం మీద కాసేపు ఆగాలి. డిపో కల్లులో విషమైన డయాజెపాం, వార్డులో ఆ గీత కార్మికుడిని బతికించిన డయాజెపాం ఒకటే. ఆల్కహాలు పనిచేసే గాబా మీదనే అదీ పనిచేస్తుంది కాబట్టి, ఆల్కహాలు తప్పుకున్న ఖాళీని అది తాత్కాలికంగా నింపుతుంది. ఆ తర్వాత వైద్యుడు రోజురోజుకూ తగ్గిస్తూ వారం పది రోజుల్లో తీసేస్తాడు, ఆలోగా మెదడు తన పాత తూకానికి వస్తుంది. విషానికీ వైద్యానికీ ఇక్కడ తేడా తగ్గించే ఆ క్రమంలో ఉంది. మద్యం మీద మనం తెచ్చిన ఏ విధానంలోనూ ఆ క్రమం లేదు. ఇచ్చినా ఒక్కసారే, ఆపినా ఒక్కసారే.

2020 మార్చి 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. మద్యం దుకాణాలు, కల్లు దుకాణాలు ఒక్క రోజులో మూతపడ్డాయి. వారం తిరగకుండా హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం ముందు క్యూలు కట్టిన మనుషులకు కరోనా లేదు. వాళ్లకు సోకింది ఆపడం. తెలంగాణలో దుకాణాలు మే 6న తెరిచాక ఆ క్యూలు మద్యం షాపుల ముందు కనబడ్డాయి. పత్రికలు మొదటి క్యూను జాలితోనూ రెండో క్యూను ఎగతాళితోనూ ఫొటో తీశాయి. రెండింటిలోనూ నిలబడ్డవారు చాలావరకు ఒకే మనుషులని నా నమ్మకం.

ఈ సమస్య ఎంత పెద్దది? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో పదిహేనేళ్లు దాటిన మగవారిలో 43 శాతం, ఆడవారిలో 6.7 శాతం తాగుతారు. దేశం మొత్తానికి ఆ అంకెలు సుమారు 19, 1. వీరంతా బానిసలు కారు, చాలామందికి మానడం కష్టమూ కాదు. అయితే కేంద్ర ప్రభుత్వం కోసం ఎయిమ్స్ చేసి 2019లో వెలువరించిన సర్వేలో, మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక రకమైన వైద్యం అందుతోందని తేలింది. మిగతా 37 మంది ఏం చేస్తారు? ఆపుతారు, పడతారు, మళ్లీ మొదలుపెడతారు.

మన దగ్గర ఆపడానికి ఎక్కువగా దొరికే దారి అయ్యప్ప మాల. నలభై ఒక్క రోజుల దీక్షలో మద్యం ముట్టరు. ఆ నియమం చాలా ఇళ్లలో శాంతి తెచ్చిందని నేను ఎరుగుదును, దాన్ని గౌరవిస్తాను. అయితే ముందురాత్రి వరకు తాగి తెల్లవారి మాల వేసుకున్న భక్తుడికి మూడో రోజు చేతులు వణికితే, అది నిష్ఠలో లోపంగా లెక్కపడుతుంది. ఫిట్స్ వస్తే స్వామి కోపంగా లెక్కపడుతుంది. ఏటా ఇలా ఆపి, ఏటా దీక్ష విరమించగానే మొదలుపెట్టే మనిషిలో ఒక్కో ఆపడం ముందటిదానికంటే తీవ్రంగా ఉండవచ్చని 1978లో బాలెంజర్, పోస్ట్ చూపారు. గురుస్వాములు దీక్ష ఇచ్చేముందు ‘రోజూ తాగుతవా, ఆపినప్పుడు వణుకు వచ్చిందా’ అని అడిగి, అవునంటే ఒకసారి డాక్టరుకు చూపించుకుని రమ్మంటే దీక్షకు లోటేమీ రాదు.

మన ఆర్‌ఎంపీ మిత్రులకూ ఒక మాట. తాగి తాగి తిండి మానేసినవాడికి నీరసం అనగానే గ్లూకోజు సీసా ఎక్కిస్తారు. తెల్లన్నం తప్ప వేరే తిండి లేని తాగుబోతు శరీరంలో విటమిన్ బి1 అడుగంటి ఉంటుంది. బి1 లేకుండా గ్లూకోజు ఎక్కిస్తే ఉన్న కాస్తా ఖర్చయి, కళ్ల కదలిక చెడి, నడక పోయి, మతి పోయే జబ్బు దిగవచ్చు. దీన్ని 1881లో వెర్నికీ వర్ణించాడు. దాని వెనుకే వచ్చే, కొత్త జ్ఞాపకం నిలవని స్థితిని 1887లో కోర్సకాఫ్ రాశాడు. ముందు బి1 ఇంజక్షన్, ఆ తర్వాతే గ్లూకోజు. ఆ ఇంజక్షన్ ఖరీదైనదేమీ కాదు.

2016 అక్టోబర్ 11న పాత వరంగల్ జిల్లా చీలి జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలు ఏర్పడ్డాయి. మహబూబాబాద్‌కు 2022లో, జనగామకు, భూపాలపల్లికి 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. ఒకప్పుడు ఫిట్స్ వచ్చిన మనిషిని వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి చేర్చేలోగా పొద్దు పోయేది. ఇప్పుడు గంటలో చేర్చవచ్చు. సింగరేణి గని నుంచి వచ్చినా, తండా నుంచి వచ్చినా, తాటివనం నుంచి వచ్చినా ఆ మనిషికి ఆ కాలేజీల్లో మానే వారం గడపడానికి మంచం ఉండాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బి1, లోరాజెపాం ఇంజక్షన్లు ఉండాలి. ఎక్సైజ్ శాఖ ఒక మండలంలో కల్తీ మీద దాడికి తారీఖు వేసుకుంటే, ఊరు పేరు చెప్పకపోయినా సరే, జిల్లా వైద్యాధికారికి ముందే మాట అందాలి. ఆ వారం తర్వాత మళ్లీ తాగుడులో పడకుండా నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ వంటి మందులు ఉన్నాయి, సలహాకు 14416 టెలీమానస్ ఫోన్ సేవ ఉంది. వాటి గురించి వేరే ఉపన్యాసం కావాలి.

మెడికల్ విద్యార్థులకు ఒక్క పని అప్పగించి ముగిస్తాను. ఏ వార్డులోనైనా, ఏ జబ్బుకైనా చేరే రోగి కేసు షీటులో ‘ఆల్కహాలిక్’ అని ఒక్క ముక్క రాసి పక్కన పెట్టకండి. చెట్టు కల్లా, డిపో కల్లా, గుడుంబానా, సీసానా, రోజుకు ఎంత, ఇదివరకు ఆపినప్పుడు ఏమయింది, చివరిసారి తాగింది ఏ రోజు, ఎన్ని గంటలకు. పక్కన భార్యో తల్లో ఉంటే ఆమెనూ విడిగా అడగండి. ఆ గంట రాసి ఉంటే, ప్రమాదం ఏ రాత్రి వస్తుందో డ్యూటీ నర్సు ముందే లెక్క కట్టగలదు.